సంగటి మీది బెంగ: అనంతపురం మెట్టసీమ, కువైట్ వలస, నిత్యజీవన సుఖాల చరిత్ర

పరాయి చోట ఉన్న మనిషి మనసు సొంత ఇంటి చుట్టూ తిరగడాన్ని తెలుగులో ‘ఇంటి మీదికి గాలి మళ్ళింది’ అంటారు. బెంగ, దిగులు వంటి మాటలు మనసు స్థితిని చెప్పి ఊరుకుంటాయి. ఈ పలుకుబడి ఆ దిగులు ఎటు చూస్తున్నదో కూడా చెబుతుంది. తెలుగు కావ్య సంప్రదాయం మాత్రం ప్రవాసాన్ని ప్రధానంగా విరహంగానే వర్ణించింది. దూరమైన మనిషిని తలచుకోవడం కావ్యవస్తువైనంతగా దూరమైన కూడు, నీళ్లు, పడక కావ్యవస్తువులు కాలేదు. వాటికి చోటు దొరికింది చాటుపద్యాల్లో, అదీ హాస్యం చాటున. శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న చాటువులు ఇందుకు మంచి ఉదాహరణ. పల్నాట ఎవరికైనా జొన్నకూడే గతి అని ఎగతాళి చేసిన పద్యం ఒకటి. కర్ణాట రాజ్యంలో రాజానుగ్రహం కోసం వేచి ఉన్న రోజుల్లో తనకు అలవాటు లేని వేషం వేయవలసి వచ్చిందని, అంబలి తాగవలసి వచ్చిందని మొరపెట్టుకున్న పద్యం మరొకటి. కర్తృత్వం మాట ఎలా ఉన్నా, వరిసీమ నుంచి మెట్టసీమకు వచ్చిన మనిషి కడుపు చేసిన ఫిర్యాదుగా వాటికి చారిత్రక విలువ ఉంది.

అనంతపురం మెట్టసీమ నుంచి గత యాభై ఏళ్లుగా కువైట్‌కు వెళ్తున్నవారి బెంగ ఈ చాటువుల బెంగకు సరిగ్గా ఎదురు దిక్కున నడిచింది. వరిసీమ కవికి వెగటు పుట్టించిన ధాన్యమే వీరికి ఇల్లు. ఈ వలసను వీసాల సంఖ్యలోనూ పంపిన సొమ్ము లెక్కల్లోనూ చెప్పడం పరిపాటి. ఆ లెక్కలకు అందని ఒక విషయం ఉంది. అరబ్బుల ఇళ్లలో, ఇరుకు గదుల్లో కూర్చొని వీరు దేనికోసం దిగులుపడ్డారో అది, వీరు అక్కడ ఉన్న దశాబ్దాలలోనే, సొంత పొలాల నుంచీ సొంత వంటిళ్ల నుంచీ ఒక్కొక్కటిగా తప్పుకుంటూ వచ్చింది. రెండు మార్పులూ ఒకే కరవు కడుపున పుట్టినవి. వాటిని కలిపి చూస్తే తప్ప ఈ బెంగ చరిత్ర అర్థం కాదు.

మెట్టసీమ కూడు

అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు సముద్రతీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఆ పడే వాన కూడా పైరుకు అవసరమైన వారాల్లో పడుతుందన్న నమ్మకం లేదు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’కు కథాస్థలమైన ఈ నేల 1800లో నిజాం నుంచి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలాలలో భాగం, 1882లో బళ్లారి నుంచి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలోనిది. ఈ చివరి వివరం పాలనా చరిత్రలో చిన్నదే గాని, వలస చరిత్రలో పెద్దది. కదిరి వైపు పల్లెల బంధుత్వాలు, సంతలు, మసీదుల సంబంధాలు రాయచోటి, కడపల వైపే ఎక్కువగా ఉండేవి. కువైట్ దారి ఈ సీమకు తెరుచుకున్నదీ ఆ వైపు నుంచే.

డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన 1905 నాటి అనంతపురం జిల్లా గెజిటీర్ కాలానికి ఇక్కడి జనం కూడు జొన్న, కొర్ర, రాగి. నల్లరేగడి ఉన్న పడమటి తాలూకాలలో జొన్నరొట్టె, కొర్రన్నం. హిందూపురం, మడకశిర, కదిరి వైపు ఎర్రనేలల్లో రాగిసంగటి. వరి చెరువు కింద పండేది. చెరువు నిండిన ఏడే పండేది. వరన్నం పండగకూ పెళ్లికీ చుట్టానికీ సంబంధించిన తిండి. రోజువారీ బతుకు చుట్టూ తిరిగింది ముద్ద.

ఆ ముద్ద తయారీని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతి కథంతా ఆ పద్ధతిలోనే ఉంది. ఎసట్లో నూకలు ఉడికించి, వాటి మీద రాగిపిండిని కుప్పగా పోసి, మూతవేసి మగ్గనిస్తారు. తర్వాత పాత్రను కాళ్ల మధ్య కదలకుండా పట్టుకొని, కొయ్య తెడ్డుతో ఉండలు కట్టకుండా బలంగా కెలుకుతారు. వేడి మీదనే తడిచేత్తో ముద్దలు చేస్తారు. దాన్ని నమలరు, తుంచి, ఊరిబిండిలోనో పుంటికూర పప్పులోనో బెండకాయ పులుసులోనో అద్ది మింగుతారు. మిగిలినది రాత్రి నీళ్లలో వేసి ఉంచితే పొద్దునకు సద్ది. మజ్జిగ, ఉల్లిగడ్డ చేరితే పొలానికి పోయే మనిషికి మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు. పిండి, నీళ్లు, నిప్పు, ఒక కొయ్య, రెండు బలమైన చేతులు: ఇంతకుమించి దానికి ఏమీ అక్కరలేదు. ఈ కొద్దిపాటి వస్తువులు కూడా దొరకని చోటు ఒకటి ఉంటుందని ఈ సీమ చాలాకాలం అనుకోలేదు.

సంగటికి మర్యాద మాత్రం తక్కువే. పొరుగున కన్నడ సీమలో 16వ శతాబ్ది నాటి కనకదాసు ‘రామధాన్య చరిత్రె’లో రాగికీ వరికీ గొడవ పెట్టించి, రాముడి తీర్పు రాగి పక్షాన వచ్చేటట్టు చేశాడు. కావ్యంలో గెలిచిన ధాన్యం సమాజంలో మాత్రం బంతి చివరనే కూర్చుంది. వరన్నం పెట్టగలిగిన ఇల్లు కలిగిన ఇల్లు, సంగటి ముద్ద పెట్టే ఇల్లు లేని ఇల్లు అన్న భావన రాయలసీమలో 20వ శతాబ్ది చివరిదాకా గట్టిగానే నిలిచింది.

ధాన్యం మారితే మనిషికి ఏమవుతుందన్న ప్రశ్న వలస పాలకులకూ ఎదురైంది, కాకపోతే జైళ్లలో. మద్రాసు రాజధానిలో ప్రజల ఆహారం గురించీ జిల్లా జైళ్ల ఖైదీల భోజనం గురించీ డబ్ల్యూ. ఆర్. కార్నిష్ 1863లో ఒక నివేదిక తెచ్చాడు. 1876-78 నాటి ధాతు కరవులో బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు మాడిపోతున్నప్పుడు ఆయన మద్రాసు శానిటరీ కమిషనరు. కరవు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడే కూలి చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించగా, అది మనిషిని నిలబెట్టలేదని కార్నిష్ వాదించాడు. ఆ వాదం తూకం గురించి. సంగటి తినే మనిషికి సంగటి కావాలన్న కోరికకు ఆ లెక్కలో చోటు లేదు. కరవులో ఉండటానికి వీలూ లేదు.

వెళ్లిన చోటా రాగి ఉన్న రోజులు

తెలుగువారి సముద్రాంతర వలస చరిత్రలో ఈ మెట్టసీమ ఆలస్యంగా ప్రవేశించింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీలతో నటాల్ చేరిన ‘ట్రూరో’ నౌకలో తెలుగువారు ఉన్నారు. ఆ తర్వాత మారిషస్, ఫిజీ, బర్మాలకు వెళ్లిన తెలుగువారిలో ఉత్తర కోస్తా జిల్లాల వారిది పెద్ద పాలు. ఆ గిర్మిట్ ఒప్పందాలు ఎంత క్రూరమైనవైనా, నటాల్ వంటి చోట్ల బియ్యం, పప్పు, ఉప్పుచేప, నెయ్యి, ఉప్పు ఎంతెంత ఇవ్వాలో పేరుపేరునా నిర్ణయించాయి. కూలీ ఏ ధాన్యం తినేవాడన్నది తోటల యజమానికి పట్టింపు, ఎందుకంటే తిండి పడని కూలీ పని చేయలేడు.

అనంతపురం జనం కరవు వచ్చినప్పుడు నడిచి వెళ్లగలిగినంత దూరం వెళ్లారు. మైసూరు సీమ, బెంగుళూరు, కోలారు బంగారు గనులు, మలెనాటి కాఫీ తోటలు. ఇవన్నీ కష్టమైన చోట్లే గాని, తిండి విషయంలో పరాయి చోట్లు కావు. మైసూరు సీమంతా రాగిసీమ. కోలారు సంతలో దొరికే ముద్ద కదిరి ముద్దకు చుట్టమే. తోడుకు భాష కూడా ఉంది: కన్నడం రాకపోయినా పని జరిగేది, తెలుగు మాట్లాడేవారు ఎక్కడికక్కడ ఉండేవారు. అప్పులు, పిల్లలు, పశువుల గురించిన దిగులు ఉండేదేమో గాని, తిండి పడకపోవడం అనే బాధ ఈ వలసల్లో పెద్దగా లేదు. వలస వెళ్లిన చోట ఇంటి ధాన్యమే లేకపోవడం ఈ సీమ ప్రజలకు కువైట్‌తో మొదలైంది.

కోయిట్ దారి

కువైట్‌కు భారతదేశంతో ఉన్న సంబంధం చమురు కన్నా పాతది. 1961 వరకు అక్కడ చెలామణి అయినది రూపాయే. 1959 నుంచి దాన్ని గల్ఫ్ రూపాయిగా భారత రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా విడుదల చేసేది. ముత్యాలూ ఖర్జూరాలూ నడిపిన ఆ వ్యాపారంలో అనంతపురం మెట్టరైతుకు పాలు లేదు. 1973లో చమురు ధరలు పెరిగిన తర్వాత గల్ఫ్ దేశాలలో మొదలైన నిర్మాణాలు, వాటితో పెరిగిన ఇంటి సంపద కూలీలను పిలిచాయి. కడప, రాయచోటి, రాజంపేటల నుంచి మొదలైన ప్రవాహం కదిరి ప్రాంతాన్నీ కలుపుకుంది. పల్లెల నోట కువైట్ ‘కోయిట్’ అయింది.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం 1922 నాటి పాత చట్టం స్థానంలో వచ్చి, చదువు తక్కువైన శ్రామికుల ప్రయాణానికి ప్రభుత్వ అనుమతిని తప్పనిసరి చేసింది. కువైట్ వీసా అంకెలు సీమలో ఇంటింటి మాటలయ్యాయి: 18 నంబరు అంటే కంపెనీ పని, 20 నంబరు అంటే ఇంటి పని. వంటమనిషి, డ్రైవరు, తోటమాలి, పిల్లలను చూసుకొనే మనిషి, ముసలివారికి సేవచేసే మనిషి, వీరంతా 20 నంబరు కింద వెళ్లినవారు. మెట్టసీమ ఆడవారు పెద్దసంఖ్యలో వెళ్లిన దారి ఇదే. ఒప్పంద పత్రంలో జీతం పక్కన ‘భోజనం, వసతి ఉచితం’ అన్న మాట ఉంటుంది. గిర్మిట్ కాగితంలో బియ్యం పేరూ తూకమూ ఉండేవి; నూరేళ్ల తర్వాతి కాగితంలో భోజనం అన్న ఒక్క మాటే ఉంది. బానిసత్వానికి దగ్గరగా ఉన్న పాత ఒప్పందం కూలీ నాలుకను గుర్తించి, స్వేచ్ఛా శ్రమ పేరిట వచ్చిన కొత్త ఒప్పందం దాన్ని మరచిపోవడం విడ్డూరమే. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు గృహశ్రామిక చట్టం రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల సెలవు ఇస్తూ, తిండి, బట్ట, వైద్యం యజమాని బాధ్యత అని స్పష్టం చేసింది. ఏ తిండి అన్నది అందులోనూ లేదు.

అక్కడి తిండి కరవు తిండి కాదన్నది గుర్తుంచుకోవాలి. సర్కారు రాయితీతో చవకగా దొరికే ఖుబూస్ రొట్టె, మాంసంతో వండిన మచ్‌బూస్ అన్నం, పెరుగు, ఖర్జూరాలు కొరత లేకుండా ఉండే ఇళ్లు అవి. గంజి కేంద్రాల వరుసలో నిలబడిన తరం పిల్లలకు అది కలలో కూడా లేని సమృద్ధి. అయినా కడుపు నిండిన చోట తృప్తి రాలేదు. ఇక్కడ చరిత్రకారుడు తొందరపడి దీన్ని సంస్కృతి మీది ప్రేమగా వర్ణించడం తేలిక. విషయం అంతకన్నా మొరటుగా, శరీరానికి సంబంధించినదిగా ఉంది. సంగటి మింగే తిండి, ఖుబూస్ నమిలే తిండి. ఒకటి కడుపులో బరువుగా కూర్చుని పొద్దంతా పని చేయిస్తుంది. రెండవది గంటలో మాయమైనట్టు అనిపిస్తుంది. బాస్మతి అన్నం పొడిపొడిగా విడిపోతుంది. పులుసు కలిపి ముద్దచేయడానికి లొంగదు. కారం, పులుపు లేని కూర ఎంత మాంసంతో చేసినా ‘చప్పిడి కూడు’గానే లెక్క.

ఈ కొరతను ఆడవారూ మగవారూ ఒకే రీతిగా అనుభవించలేదు. కంపెనీ పనికో, బయట ఉండి పనిచేసే వీసాకో వెళ్లిన మగవారు హసావి, ఫర్వానియా వంటి చోట్ల ఏడెనిమిది మంది కలిసి గది తీసుకుంటారు. వంట వంతులవారీ. పల్లెలో పొయ్యి దగ్గరికి ఎన్నడూ పోని మగవాడు పప్పు ఎనపడం, తాలింపు వేయడం నేర్చుకున్నది ఆ గదుల్లోనే. అక్కడ ఊరి నుంచి వచ్చిన రాగిపిండి పొట్లం తెరిచిన రోజు పండగ. అరబ్బు ఇంట్లో ఉండే ఆడమనిషి స్థితి వేరు. వంటిల్లంతా ఆమె చేతిలోనే ఉంటుంది, అందులో తన వంట ఉండదు. సేటు ఇంటి పొయ్యి మీద ఎసరు పెట్టి తెడ్డు తిప్పాలంటే అడగాలి. అడగడం ఇష్టంలేకపోతే మానాలి. తాలింపు ఘాటు ఇంట్లోవారికి పడకపోవచ్చు. అలాంటి చోట ఊరగాయ సీసా ఒక్కటే ఆమె సొంత వంటిల్లు. చిన్న గదిలో, మంచం కింద, మూత బిగించి దాచుకున్న ఆ సీసాలో మామిడి, నిమ్మ, చింతకాయ తొక్కు, ఏదో ఒకటి. దాన్ని నెలల తరబడి కొద్దికొద్దిగా వాడుకోవడంలో ఉన్న పొదుపు, కరవు ఏట గింజలు దాచుకునే పొదుపుకు కొనసాగింపే.

సెలవు దొరికినవారికి శుక్రవారం ఉంది. కువైట్ నగరంలో మాలియా అనే పేట ఆ రోజు సీమ సంతలా మారుతుంది. ఊరి మాటలు, ఊరి కబుర్లు, డబ్బు పంపే దుకాణాలు, తెలుగు భోజనం దొరికే చిన్న హోటళ్లు. ఊరినుంచి కొత్తగా వచ్చిన మనిషి అక్కడ కనబడితే చుట్టుపక్కల మండలాల వారంతా చేరి అడిగే మొదటి ప్రశ్న వాన గురించి. వారాంతపు సెలవు అమలుకాని ఇళ్లలో ఉన్న ఆడవారికి ఈ సంత వినికిడి మాత్రమే.

తిండి తర్వాత పడక, నీళ్లు. మెట్టసీమ పాత ఇల్లు మట్టిమిద్దె: దూలాల మీద దంతెలు పరిచి, పైన చౌడుమట్టి దట్టించిన కప్పు. ఎండాకాలం రాత్రులు ఆ మిద్దె మీదో, వాకిట్లో నులక మంచం మీదో పడుకోవడం ఇక్కడ పేదకూ కలిగినవాడికీ సమానంగా దక్కిన సుఖం. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో నమోదైన 53.9 డిగ్రీల వేడిని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. అటువంటి చోట రాత్రి పడక మూసిన గదిలో ఏసీ కిందనే. దోమ లేదు, చెమట లేదు. చుక్కలు కూడా లేవు. నీళ్ల సంగతీ అంతే. సముద్రపు నీటిని శుద్ధిచేసిన అక్కడి నీళ్లకు ఏ దోషమూ లేదు, కడవ వాసన లేకపోవడం తప్ప.

ఈ బెంగ ఇంటికి చేరిన మార్గాలూ చరిత్రలో భాగమే. చదువు రానివారు ఉత్తరం రాయించుకోవాలి. రాయించుకునేటప్పుడు ‘సంగటి తినాలని ఉంది’ అని పరాయి మనిషి చేత రాయించడం సిగ్గుగా ఉంటుంది. 1980లలో గల్ఫ్ వలస సమాజాలలో వాడుకలోకి వచ్చిన టేప్ క్యాసెట్ ఈ సిగ్గును కొంత తీసేసింది. గంటసేపు మాట నింపి, సెలవుకు వెళ్తున్నవారి చేతికిచ్చి పంపితే, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినేవారు. ఉత్తరంలో క్షేమసమాచారం, జీతం, అప్పు ఉంటాయి. మాటలో వంట గురించి అడగడానికి చోటు దొరికింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించడంతో ఈ జీవితమంతా ఒక్కసారిగా చెదిరింది. భారతీయులు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాలెక్కారు. రెండు నెలల్లో ఎయిరిండియా లక్షమందికి పైగా తీసుకువచ్చింది. మిగిలిపోయినవారి కోసం ఆహారం పంపడానికి భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి ఆంక్షల సంఘం అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. సెప్టెంబరులో ‘విశ్వసిద్ధి’ నౌక ఆ సరుకుతో బయలుదేరింది. 1991లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్, దేశం విడిచి రావలసి వచ్చినందుకే ఒక్కొక్కరికి నిర్ణీత మొత్తం ఇచ్చే పద్ధతి పెట్టింది. అంటే పరదేశంలో ఉన్న జీవనాన్ని కోల్పోవడం నష్టమని ప్రపంచం ఒప్పుకుంది. సొంత ఇంటికి దూరంగా గడిపిన ఏళ్లు ఏ లెక్కలోకీ రావు. తిరిగి వచ్చినవారిలో చాలామంది యుద్ధం ముగిసి దారి తెరుచుకోగానే మళ్ళీ వెళ్లారు. ఎందుకు వెళ్లారన్నది ఊళ్లో ఉంది.

తిరిగి వచ్చిన చోట

వేరుశెనగ అనంతపురం నేలకు పాత పంట కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ గింజ, 19వ శతాబ్ది చివరలో ఫ్రాన్సులోని మార్సేల్ నూనెమిల్లుల కోసం పుదుచ్చేరి రేవు మీదుగా ఎగుమతయ్యే సరుకుగా మద్రాసు రాజధానిలో వ్యాపించింది. ఎర్రనేలల్లో, కొద్దివానకు నిలిచే లక్షణం వల్ల మెట్టరైతుకు నచ్చింది. సంతలో నగదు తెచ్చింది. తిండివనంలో రూపొంది 1940లో వచ్చిన టిఎంవి-2 రకం ఇక్కడ దశాబ్దాల పాటు పాతుకుపోయింది. కదిరిలో వేరుశెనగ పరిశోధన కేంద్రం కూడా వెలిసింది. 20వ శతాబ్ది ముగిసేసరికి జిల్లాలో ఈ ఒక్క పంట 7 లక్షల హెక్టార్లకు పైగా పరుచుకుంది. కొర్ర, రాగి, సజ్జ, అలసంద, అనప కలిసి పండిన పొలాల్లో సాళ్ల మధ్య కందులు మాత్రం అక్కడక్కడా మిగిలాయి. ఒకే పంట, ఒకే వాన మీద ఆధారం: వాన తప్పిన ఏడు ఇంట్లో గింజ ఉండదు, అప్పు ఉంటుంది. ఆ అప్పే పాస్‌పోర్టు ఆఫీసు దారి చూపించింది.

కువైట్ అప్పు తీర్చింది. వేరుశెనగ అప్పు చేయించింది. ఈ రెంటి మధ్య రాగి పోయింది.

రాగి పోవడానికి రెండో కారణం కూడా అదే దశకంలోనిది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. ఎమిగ్రేషన్ చట్టం వచ్చిన ఏడూ అదే. ఈ కలయిక యాదృచ్ఛికం, ఫలితం కాదు. బియ్యం పండగ తిండిగా ఉన్న సీమలో ప్రతి పేద ఇంటికీ నెలనెలా బియ్యం చేరడం చిన్న విషయం కాదు. తరతరాల అవమానం ఒకటి దానితో తీరింది. దీన్ని కేవలం చిరుధాన్యాల పతనంగా చెప్పేవారు సంగటి ముద్దతో పాటు ఉన్న ఆ అవమానాన్ని మరచిపోతారు. అయినా, రాగి విసరడం, తెడ్డు తిప్పడం తెలిసిన చేతులు ఇళ్లలో తగ్గిపోవడం కూడా నిజమే. కుక్కర్లో అన్నం వండటం తేలిక. ఇంట్లో ఆడమనిషి కువైట్‌లో ఉన్నప్పుడు ముసలమ్మకో పదేళ్ల పిల్లకో అదే వీలు.

అలా సెలవుకు వచ్చిన మనిషి ఒక వింత స్థితిలో పడ్డాడు. ఏళ్లపాటు తలచుకున్న ముద్ద కావాలంటే, ఊళ్లో రాగులు లేక, పిండిని అంగట్లో కొనాలి. పిల్లలకు అది ముసలివారి తిండి. చుట్టాలు కోయిట్ నుంచి వచ్చిన మనిషికి సంగటి పెట్టడం మర్యాద కాదని వరన్నం, మాంసం వండుతారు. ఇంటి విషయంలో తప్పుకున్నదానికి కారణం అతడు పంపిన సొమ్మే. దినార్లు మొదట అప్పుకూ, తర్వాత పెళ్లికీ, ఆ తర్వాత ఇంటికీ పోయాయి. మట్టిమిద్దె పడగొట్టి స్లాబు వేయడం కువైట్ సంపాదనకు కళ్లెదుటి రుజువు. స్లాబు కారదు, మరమ్మత్తు అడగదు; ఎండాకాలంలో రాత్రిదాకా కుంపటిలా కాలుతుంది. దాని కింద పడుకోవడానికి ఏసీ కావాలి. కువైట్ గదిలో తలచుకున్న చల్లదనాన్ని కువైట్ సొమ్మే తీసేసింది.

బావులదీ ఇదే కథ. చేదబావులు ఎండి, బోర్లు వందల అడుగుల లోతుకు పోయినకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ పెరిగింది. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో దాదాపు 700 గ్రామాలకు కుళాయి నీళ్లు అందించడం ఆ దుస్థితికి వచ్చిన జవాబు. ఆ పథకం ఎముకలను కాపాడింది. కడవతో బావి నుంచి తెచ్చిన నీళ్ల రుచి కోసం వెతుక్కునేవారికి మాత్రం ఊళ్లో బావి లేదు.

చాలాకాలం ఈ మార్పును ఎవరూ నష్టంగా పేర్కొనలేదు. చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వంటి కొన్ని సంస్థలు చిరుధాన్యాల సాగును నిలబెట్టడానికి కృషి చేశాయి. 2023ను ఐక్యరాజ్యసమితి భారత ప్రతిపాదన మీద అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది; అదే ఏడాది మార్చిలో రాష్ట్ర పాఠశాలల మధ్యాహ్న భోజనంలో రాగిజావ చేరింది. నగరాల్లో ‘రాయలసీమ రుచులు’ బోర్డు పెట్టిన హోటళ్లు సంగటి, నాటుకోడి పులుసు జతను విందుగా అమ్ముతున్నాయి. ఇంటి బంతి చివరి తిండి బిల్లు మీద మొదటి వరుసకు వచ్చింది. దీనివల్ల మెట్టరైతుకు దక్కినది ఎంత అన్నది వేరే వ్యాసం విషయం.

కువైట్‌లోనూ పరిస్థితి మారింది. దేశ జనాభాలో ఐదవ వంతుగా, దాదాపు పది లక్షల మంది భారతీయులు ఉన్న చోట వ్యాపారి ఊరుకోడు. పెద్ద అంగళ్లలో రాగిపిండి పొట్లాలు, సోనామసూరి బియ్యం, పుంటికూర కూడా దొరుకుతున్నాయి. వీడియో కాల్‌లో తల్లి వంట చూపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. కువైట్ గదుల్లో మాత్రం ‘అనంతపురమా, కడపా’ అన్న పాత ప్రశ్నే వినిపిస్తుంది.

అందుకే ఇప్పుడు విమానమెక్కే సామానులో రాగిపిండికి చోటు తగ్గింది. చోటు తగ్గనిది శెనక్కాయ పొడికి. వేయించిన వేరుశెనగ, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పు కలిపి ఇంట్లో దంచిన ఆ పొడిని అంగట్లో కొన్న పొడితో పోల్చడానికి ఎవరూ ఒప్పుకోరు. రాగిని పొలంలోంచి గెంటేసి, అప్పుచేయించి, మనిషిని కువైట్ దాకా పంపిన పంట అది. మార్సేల్ మిల్లుల కోసం వచ్చి నూటముప్పై ఏళ్లు దాటిన ఆ గింజ, చీర మడతల మధ్య ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేయించుకొని, ఇంటి రుచిగా సముద్రం దాటుతోంది.